చెవి మీద లక్ష, చెవిలో పువ్వు

దేవుడు మనిషికి రెండు చెవులిచ్చి ఊరుకున్నాడు. మిగతా పని హెడ్‌ఫోన్ సమీక్షకుడు చూసుకుంటున్నాడు. శాస్త్రీయ సంగీతానికి ఒకటి, జాజ్‌కు ఒకటి, రాక్‌కు ఒకటి, మెటల్‌కు ఇంకాస్త బలిసిందొకటి, డాన్సు పాటలకు గుండె అదిరేదొకటి, ఇవేవీ విననప్పుడు పెట్టుకోవడానికి తేలికపాటిదొకటి. వెరసి ఆరు. వీటిని నడపడానికి యాంప్లిఫయర్, దాని ముందు డీఏసీ అనే డబ్బా, ఆ రెండింటినీ కలపడానికి వెండి పూసిన తీగ. ఇంత సరంజామా సమకూరాక ఆయన వినేది మాత్రం ఒక్కటే పాట. అదీ మొదటి నలభై సెకన్లు. ఆ తర్వాత హెడ్‌ఫోన్ మార్చి మళ్లీ అవే నలభై సెకన్లు. రెండో చరణం ఎలా ఉంటుందో ఆయనకు ఈనాటికీ తెలియదు.

హెడ్‌ఫోన్లన్నీ ఒకటేనని ఎవరూ అనడం లేదు. కొన్ని బాగుంటాయి, కొన్ని నాసిరకం, కొన్ని వట్టి తలనొప్పి. గొడవంతా "ఫలానా సంగీతానికి ఫలానా హెడ్‌ఫోన్" అనే మాటతోనే. ఈ మాట గల్లాపెట్టెలో పుట్టి శాస్త్రం వేషం కట్టుకుని వీధిలోకొచ్చింది. ఒక్కదానితో సరిపెట్టుకునే మనిషికి ఒక్కటే అమ్మగలం. పాటల్ని వర్గాలుగా చీల్చి, వర్గానికొకటి లేకపోతే బతుకే వృథా అని నమ్మిస్తే అదే మనిషికి ఆరు అమ్మొచ్చు. లెక్క అంత తేలిక.

నమ్మకపోతే ఏ నగరంలోనైనా ఒక డెమో గదిలోకి వెళ్లి కూర్చోండి. ఏసీ చల్లగా ఉంటుంది, గోడలకు స్పాంజి అంటించి ఉంటుంది, కుర్రాడు మర్యాదగా ఉంటాడు.

"ఏం వింటారు సార్?"

"అన్నీ వింటానండి."

"అన్నీ అంటే కుదరదు సార్. మెయిన్‌గా ఏం వింటారు?"

"పొద్దున్నే ఎమ్మెస్ సుప్రభాతం. ఆఫీసుకెళ్తూ ఇళయరాజా. జిమ్‌లో తమన్. రాత్రి పడుకునే ముందు బాలమురళి."

కుర్రాడు రోగ నిర్ధారణ పూర్తయినట్టు తలాడిస్తాడు. "ఒక్కదాంతో ఇవన్నీ అంటే దేనికీ న్యాయం జరగదు సార్. వోకల్స్‌కి ఒకటి, బాస్‌కి ఒకటి తీసుకోండి. ఈఎంఐ ఉంది."

తర్వాత పరీక్ష కోసం అతను పెట్టే పాట సుప్రభాతమూ కాదు, ఇళయరాజాదీ కాదు. ఈగల్స్ బృందం 1994లో 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' ఆల్బం కోసం వేదిక మీద వాయించిన 'హోటల్ కాలిఫోర్నియా'. బాలమురళి వినేవాడికీ అదే, తమన్‌ని వినేవాడికీ అదే. వర్గానికో హెడ్‌ఫోన్ కావాలి గానీ, అన్ని వర్గాలకూ పరీక్ష పాట ఒక్కటి చాలట!

ఇక సమీక్షల సంగతి. తెలుగులో చేసినా ఇంగ్లిషులో చేసినా వీటిని ఉగాది నాటి పంచాంగ శ్రవణంలా వినాలి. చేతులు జోడించి, ప్రశ్నలు మింగి. సిద్ధాంతిగారు ఈ ఏటికి సెలవిచ్చిన రాశిఫలాలు ఇవి.

కర్ణాటక సంగీత రాశి. ఆదాయం 2, వ్యయం 14. రాజపూజ్యం 1, అవమానం 5. రాశ్యధిపతి జర్మనీ దేశపు సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్. 56 మిల్లీమీటర్ల డ్రైవరు, 300 ఓముల ఇంపెడెన్స్, లక్ష దాటిన ధర. ధరించినవారికి కచేరీ హాలు కళ్లకు కడుతుంది. వయొలిన్ ఒక పక్కన, మృదంగం ఇంకో పక్కన, ఘటం కాస్త వెనకన కూర్చుని కనిపిస్తాయి. దీనిపేరు సౌండ్‌స్టేజ్. అయితే ఈ రాశివారు ప్రాణంగా దాచుకున్న రికార్డింగుల్లో సగం ఆకాశవాణి కాలం నాటి మోనోలు. మోనోలో ఎడమా కుడీ ఉండవు. గాయకుడు, వయొలిన్, మృదంగం, ఘటం, వెనక దగ్గిన పెద్దమనిషి, అందరూ వచ్చి శ్రోత నడినెత్తిన బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. లక్ష పెట్టినా అంతే, వెయ్యి పెట్టినా అంతే. గ్రహదోషం కూడా ఒకటుంది. 2009లో వచ్చిన మొదటి హెచ్‌డీ 800కు 6 వేల హెర్ట్జుల దరిదాపుల్లో ఒక శిఖరం ఉండేది. మన నోట సకారం బుసకొట్టేది ఆ చుట్టుపక్కలే. అంటే కల్పనస్వరాల్లో విద్వాంసుడు షడ్జమానికి వచ్చి వాలినప్పుడల్లా శ్రోత చెవిలో సూది దిగేది. 2016లో 'ఎస్' తగిలించి, ఆ శిఖరాన్ని అణిచి శాంతి చేశారు. అంతకుముందు ఏడేళ్లపాటు ఆ సూదినే "వివరం" అని సమీక్షకులు కీర్తించారు.

పాత సినిమా పాటల రాశి. ఆదాయం 5, వ్యయం 11. అధిపతి అదే కంపెనీవారి హెచ్‌డీ 650, 2003లో అవతరించింది. స్వభావం వెచ్చన. దీన్ని ధరించి 'మాయాబజార్' పాటలు వింటే ఘంటసాల గొంతు చుట్టూ "గాలి" వినిపిస్తుందని ఫలం. గాలి అంటే 10 వేల హెర్ట్జులకు పైన ఉండే సన్నని మెరుపు. 1957 నాటి ఆ సినిమా ధ్వని రీలు అంచున ఉన్న సన్నటి పట్టీలోంచి థియేటరుకు చేరేది. ఆ పద్ధతిలో 8 వేల హెర్ట్జులు దాటితే దక్కేది బహు స్వల్పం. కాబట్టి సిద్ధాంతిగారికి వినిపించిన గాలి ఆయన గదిలో ఫ్యానుది అయ్యుండాలి.

రాక్ రాశి. ఆదాయం 8, వ్యయం 8. అధిపతి న్యూయార్కు బ్రూక్లిన్‌లో 1953 నుంచి సాగుతున్న గ్రాడో కుటుంబం. ఫలం: గిటారు వచ్చి ముఖాన కొడుతుంది. దోషం: చెవిమీద స్పాంజి ఒత్తు తప్ప అడ్డేమీ లేనందున అదే గిటారు పక్కన పడుకున్న మనిషి ముఖాన కూడా కొడుతుంది. గృహకలహ సూచన.

మెటల్, ఎలక్ట్రానిక్ రాశులు. ఆదాయం 11, వ్యయం 14. అధిపతి కాలిఫోర్నియా వాస్తవ్యురాలు ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్. పల్చటి పొర అంతటా తీగ పరిచి అయస్కాంతాల నడుమ ఆడించే ప్లేనార్ జాతి. మంద్రస్థాయి భూమిలోంచి తన్నుకొస్తుందని ఫలం. బరువు 600 గ్రాముల పైచిలుకు. మెడకు శని.

జాజ్ రాశి. ఆదాయం 2, వ్యయం 14, అవమానం 7. అధిపతి ఫ్రాన్సు దేశపు ఫోకల్ యుటోపియా, 2016లో సుమారు 4 వేల డాలర్ల ధరతో దిగింది. లోపలి గుమ్మటం బెరీలియం లోహం. డ్రమ్మరు కుంచెతో తాళం పళ్లేన్ని నిమిరితే ఒక్కో పోగూ విడిగా లెక్కపెట్టుకోవచ్చట. లెక్కపెట్టినవారున్నారు. పాట ఏమిటని అడిగితే మాత్రం ఆల్బం పేరు, రికార్డింగు ఇంజినీరు పేరు, మైకు మోడలు నంబరు చెబుతారు.

సర్వరాశులకూ అతీతంగా రెండు మహాగ్రహాలున్నాయి. ఒకటి హైఫైమాన్ సుస్వర. సంస్కృతం పేరు, చైనా తయారీ, వచ్చినప్పుడు 6 వేల డాలర్లు. సున్నితత్వం 83 డెసిబెల్స్ మాత్రమే, అంటే మామూలు ఫోనుకు తగిలిస్తే మూగనోము పడుతుంది. దీన్ని మాట్లాడించడానికి మళ్లీ స్పీకర్లు నడిపేంత యాంప్లిఫయర్ కావాలి. రెండోది సెన్‌హైజర్ హెచ్‌ఈ 1. 2015లో ప్రకటించారు. అప్పట్లో సుమారు 50 వేల యూరోలు. యాంప్లిఫయర్ ఒళ్లు ఇటలీలోని కరారా పాలరాయి. స్విచ్చి వేస్తే రాతిలోంచి మీటలు మెల్లగా బయటికొస్తాయి, వాల్వులు పైకి లేస్తాయి, గాజుమూత తెరుచుకుంటుంది. ఇది 8 హెర్ట్జుల నుంచి లక్ష హెర్ట్జుల పైదాకా పలుకుతుందని కంపెనీ మాట. మనిషి చెవి 20 హెర్ట్జుల దగ్గర మొదలై 20 వేల దగ్గర ఆగిపోతుంది, అదీ పడుచుతనంలో. 50 వేల యూరోలు కూడబెట్టే వయసుకు చాలామందికి 12, 14 వేల పైన వినపడదు. మిగతా 86 వేల హెర్ట్జులు గబ్బిలాలకు అంకితం.

జాతకం ఫలించకపోతే సిద్ధాంతి తప్పు ఎప్పుడూ ఉండదు, జపం చాల్లేదంటాడు. ఇక్కడ ఆ జపం పేరు బర్న్-ఇన్. కొత్త హెడ్‌ఫోన్ నచ్చలేదా? 200 గంటలు హోరు వినిపించి పక్కన పెట్టమంటారు. ఆ గడువు పూర్తయ్యేసరికి రెండు పనులు జరుగుతాయి. మీ చెవి ఆ ధ్వనికి అలవాటు పడుతుంది. వస్తువు వెనక్కిచ్చే గడువు దాటిపోతుంది. మొదటిదాన్ని ఫలసిద్ధి అంటారు, రెండోదాని ఊసెత్తరు.

ఇప్పుడు కాస్త కొలబద్ద పట్టుకుని మాట్లాడుకుందాం. ఒకటిన్నర శ్రుతిలో పాడే విద్వాంసుడి ఆధార షడ్జం సుమారు 139 హెర్ట్జులు. ఐదున్నర శ్రుతిలో పాడే విదుషిది సుమారు 208. వయొలిన్‌లో అన్నిటికన్నా కింది తీగను పాశ్చాత్యులు బిగించేది 196కు. బాస్ గిటారు అట్టడుగు తీగ 41. పియానో ఒక చివర 27.5, మరో చివర 4,186. వీటి మీద అనుస్వరాలు కలిపినా చెవికి పనికొచ్చే సంగీతమంతా ఆ 20 వేలలోపే. హెడ్‌ఫోన్ లోపల ఉన్నది గాలిని ముందుకూ వెనక్కూ నెట్టే పొర ఒకటి. దానికి అందేది విద్యుత్ ఊపు. ఆ ఊపు తోడిదో, బ్లూస్‌దో, భజనదో దానికి తెలియదు. 139 హెర్ట్జుల ఊపు వస్తే సెకనుకు 139 సార్లు ఊగుతుంది. త్యాగరాజ కీర్తనలో వచ్చిన 139కి భక్తితో ఊగి, ఐటెం సాంగులో వచ్చిన 139కి వెటకారంగా ఊగే పొరను ఇంతవరకు ఏ దేశమూ తయారు చేయలేదు.

అయినా వర్గం అనేదే పాటలో ఎక్కడుంటుంది? ఇళయరాజా ఎనభైల నాటి ఏ పాటైనా తీసుకోండి. వయొలిన్ల గుంపు పడమటి పద్ధతిలో ఒక తరంగం లేపుతుంది, కింద బాస్ గిటారు తన కథ తాను చెప్పుకుంటుంది, తబలా వచ్చి చేరుతుంది, వేణువు రాగంలోకి దిగుతుంది. నాలుగున్నర నిమిషాల్లో సిద్ధాంతిగారి లెక్కన నాలుగు రాశులు. పల్లవికి సెన్‌హైజర్ పెట్టుకుని, వాద్యాలు మొదలవగానే అది తీసి ఆడిజీ తగిలించుకుని, చరణానికి ఫోకల్ వెతుక్కోవాలా? 2023లో ఆస్కార్ తెచ్చుకున్న 'నాటు నాటు' ఏ రాశిది? జానపదమా, డాన్సా, సినిమానా? తేల్చేసరికి పాట అయిపోతుంది, అవార్డు ఇంటికొచ్చేస్తుంది.

సమీక్షకుడు వర్గాల తేడా అని చెప్పేదాన్ని ఒలిచి చూస్తే లోపల ఉండేది ఒక్కటే: ఏ హెడ్‌ఫోన్ ఏ స్థాయిని కాస్త ఎక్కువ పలికిస్తుంది, దేన్ని తగ్గిస్తుంది అన్న హెచ్చుతగ్గులు. మంద్రం ఎక్కువైతే మెటల్‌కు, మధ్యమం ముందుకొస్తే గొంతులకు, తారం మెరిస్తే శాస్త్రీయానికి అని చీటీలు రాసి అంటిస్తాడు. ఈ హెచ్చుతగ్గుల్ని సరిచేసే ఈక్వలైజర్ అనే మీట ప్రతి ఫోనులోనో, దానిలోకి ఉచితంగా దిగే యాప్‌లోనో ఉంది. దాన్ని ముట్టుకోవడం మాత్రం మహాపాపమని ఆయన శాసనం. కళాకారుడి ఉద్దేశం చెడిపోతుందట.

కళాకారుడు ఏం చేస్తాడో ఒకసారి దగ్గరగా చూడండి. కచేరీ మొదలవకముందు మృదంగ విద్వాంసుడు ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వ ముద్ద అంటిస్తాడు. వాయించి చూస్తాడు. చాలకపోతే ఇంకో చిటికెడు పెడతాడు. ఎక్కువైతే గోటితో గీకుతాడు. ఆ 'ధోం' గుమ్మటంలా పూర్తిగా విచ్చుకునేదాకా వదలడు. మంద్రస్థాయిని తన చెవికి నచ్చినట్టు పెంచుకోవడం, తగ్గించుకోవడం అంటే అదే. మన విద్వాంసులు తరతరాలుగా నిండు సభలో, అందరి ఎదుటా, ఉప్మారవ్వతో చేస్తున్న పనిని శ్రోత తన గదిలో ఒక మీట తిప్పి చేసుకుంటే అపచారమా? ఇది కళ మీద గౌరవం కాదు. మీట తిప్పితే సరిపోయే చోట రెండో హెడ్‌ఫోన్ అమ్ముడుపోదన్న భయం.

ఈ పంచాంగంలో లేని రాశి సంగతికి వద్దాం. డప్పుకు రాశి లేదు. ఒగ్గు కథకు లేదు, బుర్రకథకు లేదు, గుండెకు తప్పెట కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్లకు లేదు. లక్ష పలికే హెడ్‌ఫోన్లను డప్పు దరువుతో తూచిన సమీక్షకుణ్ని చూపించండి. చూపించలేరు. వర్గాల పట్టిక పరాయి దేశంలో తయారై దిగుమతయింది. మనవాళ్లు దాని నెత్తిన కర్ణాటకం అని ఒక గడి చేర్చి, ఇక చాల్లే అనుకున్నారు. డప్పు కొట్టే మనిషి మంట వేసి తోలు కాచుకుంటాడు. కాచి, వేళ్లతో మీటి, చెవి దగ్గర పెట్టుకుంటాడు. బిగువు చాలకపోతే మళ్లీ మంట దగ్గరకు. కుడిచేతి సిర్ర నడుమన పడితే గుండెకు తగిలే దెబ్బ, ఎడమచేతి చిటికెన పుల్ల తగిలితే పటుక్కున విరిగే మోత. రెండూ తేటగా విడివిడిగా వినపడేదాకా అతను ఊరేగింపును కదలనివ్వడు. అసలు సిసలు ఆడియో పరీక్షకుడు ఎవరని అడిగితే నా ఓటు అతనికే. అతని చేతికి యాంప్లిఫయరూ లేదు, ఈఎంఐ కూడా లేదు.

డప్పును మరిచిపోవడం పొరపాటున జరగలేదు. హెడ్‌ఫోన్ పండితుల లోకంలో మంద్రాన్ని ఇష్టపడేవాడు అంటరానివాడు. అతనికి 'బాస్‌హెడ్' అని పేరు పెట్టి వాకిట్లో నిలబెడతారు. తారస్థాయిలో సూదులు గుచ్చితే అది వివరం, సంస్కారం, పరిణతి. మంద్రం గుండెను తడితే అది మోటు, మొరటు, ఆటోల్లో పాట. సంగీతంలో తోలును కింద మెట్టున, తీగను పై మెట్టున కూర్చోబెట్టిన పాత బుద్ధే పాలరాయి కట్టుకుని మళ్లీ వచ్చింది.

పైగా ఈ విషయంలో మొరటువాడి పక్షానే శాస్త్రం ఉంది. 1933లోనే బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. ధ్వని తగ్గేకొద్దీ మన చెవికి మంద్రం మరింత ఎక్కువగా తగ్గిపోతుంది. నెమ్మదిగా వినేవాడికి బాస్ పెంచుకోవడం అవసరం. రెండో సంగతి: ఊరేగింపులో డప్పును సగం చెవితో వింటాం, సగం ఒంటితో. హెడ్‌ఫోన్‌లో ఆ ఒంటి వాటా మొత్తం పోతుంది. పోయిన వాటా కోసం కాస్త ఎక్కువ అడిగితే అది మొరటుతనమా?

అమెరికాలోని హర్మన్ సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టి అనే పరిశోధకులు 2013 మొదలుకొని ఈ ఇష్టాయిష్టాలను కొలిచారు. ఒకే హెడ్‌ఫోన్ తలకు తగిలించి, రకరకాల హెడ్‌ఫోన్ల ధ్వని స్వభావాన్ని అందులోనే అనుకరించి వినిపించారు. బ్రాండు కనపడదు, బరువు తెలియదు, ధర తెలియదు. అమెరికా, కెనడా, జర్మనీ, చైనా శ్రోతల్ని కూర్చోబెట్టి చూసినా ఎక్కువమంది మొగ్గింది ఒకే తీరుకు. మంచి గదిలో మంచి స్పీకర్లు పలికినట్టుండే తీరు, అడుగున మంద్రం కాస్త నిండుగా. వయసును బట్టి ఆ మంద్రం పాళ్లు కాస్త మారాయి, దేశాన్ని బట్టి పెద్దగా మారలేదు. హర్మన్ కూడా హెడ్‌ఫోన్లు అమ్ముకునే సంస్థే సుమా. అయినా వేలిముద్రలన్నీ చెరిపేసి అడిగితే జనం ఏం చెబుతారో వాళ్లు దాచలేదు.

ధర సంగతి ఇంకా చేదు. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు ముందేసుకుని, అవి స్థాయిల్ని పలికే తీరుకూ వాటి ధరకూ సంబంధం ఉందేమోనని వెతికాడు. ఏమీ కనపడలేదు. అమెరికన్ అకౌస్టికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంతకు పదేళ్ల ముందు, 2007లో, మేయర్, మోరన్ అనే ఇద్దరు మరో పరీక్ష పెట్టారు. హై రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని మధ్యలో మామూలు సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జులకు కుదించి, ఏది ఏదో చెప్పమన్నారు. మామూలు ధ్వని మట్టంలో శ్రోతలు గుడ్డిగా ఊహించిన దానికన్నా మెరుగ్గా చెప్పలేకపోయారు. ఇలాంటి కబుర్లు సిద్ధాంతిగారి చెవిన పడవు. అన్ని రకాల శబ్దాలనూ పట్టే హెడ్‌ఫోన్‌కు ఇది మాత్రం పట్టదు.

పాట పుట్టే చోటికి వెళ్లి చూసినా ఇంతే. స్టూడియోలో మైకు ముందు గాయకుడి తలకు ఉండేది ఎక్కువగా సోనీ ఎండీఆర్-7506 లాంటిదో బేయర్‌డైనమిక్ డీటీ 770 లాంటిదో. సోనీది 1991 నాటి మోడలు, చుట్టల తీగ, మడత పెడితే సంచిలో పడుతుంది, పదివేల దరిదాపుల్లో దొరుకుతుంది. మిక్సింగు పూర్తయ్యాక ఇంజినీరు ఆ పాటను కారు స్పీకర్లలో, ఫోనులో పెట్టి మరీ చూసుకుంటాడు, ఎందుకంటే జనం వినేది అక్కడే. పాట కన్నవాళ్లకు పదివేలది చాలింది. దాన్ని పెంచుకున్నాయనకు లక్షది ఉంటే గానీ బిడ్డ ముఖం కనపడటం లేదు. శంఖంలో పోస్తేనే తీర్థం.

ఆ లక్షది మన ఇళ్లలో ఎలా బతుకుతుందో కూడా చూద్దాం. ఖరీదైనవాటిలో ఎక్కువ భాగం వెనకవైపు తెరిచి ఉండే ఓపెన్‌బ్యాక్ రకం. లోపలి పాట బయటికి, బయటి లోకం లోపలికి ధారాళంగా వస్తూ పోతూ ఉంటాయి. హైదరాబాద్ అపార్టుమెంటులో మూడో అంతస్తు. ఆదివారం పొద్దున. సౌండ్‌స్టేజ్ నిజంగానే విశాలం: ఎడమన బోరు మోటారు, కుడిన కుక్కరు మూడో కూత, పైన నాలుగో అంతస్తువాళ్ల డ్రిల్లింగు, దూరంగా లోతుగా ట్రాలీ ఆటోలో "ఉల్లిగడ్డలు, ఉల్లిగడ్డలు" రికార్డు. నడుమ ఎక్కడో వీణ. ఇంతలో వంటింట్లోంచి "గ్యాసు కట్టెయ్యమని పిలిస్తే వినపడదా?" అని ఇంటావిడ కేక. వినపడింది. ఓపెన్‌బ్యాక్ కదా. వినపడనట్టు నటించడానికి కూడా వీల్లేని హెడ్‌ఫోన్‌కు లక్ష పోశాడు పాపం.

కాబట్టి కొనేవాళ్లు సమీక్షకుడు అడిగే ప్రశ్న పక్కన పెట్టి తమ ప్రశ్నలు తాము వేసుకోవాలి. ఎక్కడ వింటారు? బస్సులో, మెట్రోలో, ఆఫీసులో అయితే మూసి ఉండే రకం. ఇంట్లో ఒంటరిగా, నిజంగా నిశ్శబ్దం దొరికితే తెరిచినది. ఎంతసేపు వింటారు? గంట దాటితే బరువు, చెవి చుట్టూ ఉండే మెత్త ముఖ్యం. మన చెమటకు తోలు మెత్త రెండు వేసవులు ఓర్చుకుంటుందో లేదో, విడిగా దొరుకుతుందో లేదో అడగండి. కళ్లజోడు ఉందా? కాడ దగ్గర సందు మిగిలితే బాస్ అంతా అక్కణ్నుంచే కారిపోతుంది. దేనికి తగిలిస్తారు? ఫోనుకైతే 300 ఓముల జోలికి వెళ్లకండి. ఆ పైన మిగిలిన తేడాలకు ఈక్వలైజర్ ఉంది.

ఇక వర్గాలన్నిటికీ వర్తించే ఫలం ఒక్కటే ఉంది, అది మాత్రం ఏ సమీక్షలోనూ రాదు. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్, అంతకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ధ్వని మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగానికి పడిపోతాయి. దెబ్బతిన్న లోచెవి కణాలు మళ్లీ మొలవవు. హెడ్‌ఫోన్‌కు వారంటీ ఉంటుంది, చెవికి ఉండదు. దుకాణంలో రెండింటిని పక్కపక్కన పెట్టి వినిపించినప్పుడు ఒక్క డెసిబెల్ ఎక్కువ పలికినదే మనకు "స్పష్టంగా" అనిపిస్తుంది. చాలా గెలుపుల గుట్టు అదే.

అందుకని సిద్ధాంతులకు ఒక పందెం. మీకు నచ్చిన రెండు హెడ్‌ఫోన్లు ఈక్వలైజర్‌తో ఒకే తీరుకు తెచ్చి, ధ్వని మట్టం మీటరుతో సమం చేసి, కళ్లకు గంతలు కడతాం. తీసి పెట్టడం మా మనిషి చేస్తాడు, బరువు తెలియకుండా మీ చేతులు కట్టేస్తాం, తలమీద బరువు కూడా సరిచూస్తాం. పది పాటలు పెడతాం, అందులో మొదటిది డప్పు. ప్రతి పాటకూ మీ చెవి మీద ఉన్నది లక్షదో, పదివేలదో చెప్పండి. పదికి తొమ్మిది చెప్పినవారి ఇంటి ముందు మేమే వచ్చి పంచాంగ శ్రవణం వింటాం, దక్షిణ ఇచ్చుకుంటాం. చెప్పలేనివారు మాత్రం ఆరింట్లో ఐదు అమ్మేసి, ఆ నలభై సెకన్ల పాటను రెండో చరణం దాకా వినాలి.